కణజాల పరంజాలో రక్తనాళాలు: గోదావరి డెల్టా నుంచి చూసిన ఒక ప్రోటీన్ చరిత్ర

వ్యాససంగ్రహం:

దెబ్బతిన్న దేహభాగాన్ని తిరిగి పెంచాలన్న ప్రయత్నానికి ఇప్పటికీ పెద్ద అడ్డంకి రక్తనాళాలే. కణాలు నిలబడేందుకు ప్రోటీన్లతో పరంజా కట్టడం సాధ్యమైంది. ఆ పరంజా లోపలి దాకా రక్తాన్ని చేర్చడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. ఈ సమస్య మూడు వేర్వేరు పరిశోధనధారలు కలిసిన చోట రూపుదిద్దుకుంది. అవి కణశక్తి, కొల్లాజెన్ నిర్మాణం, రక్తనాళాల పెరుగుదల. మొదటి ధారలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు, రెండోదానికి ఆధారమైన సంస్థ చరిత్రలో తెనాలి ప్రాంతానికి చెందిన యలవర్తి నాయుడమ్మకు స్థానం ఉంది. ఈ మూడు ధారల కలయికను వివరించి, రూపొందించిన ప్రోటీన్ పదార్థాలు ఎందుకు అవసరమయ్యాయో చూపడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: కొల్లాజెన్, కణజాల పరంజా, రక్తనాళాల పెరుగుదల, యల్లాప్రగడ సుబ్బారావు, యలవర్తి నాయుడమ్మ, గోదావరి డెల్టా.

1. ఉపోద్ఘాతం

ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ పేరుతో ముడిపడిన ఆ కట్టడం ఒక్కటే గోదావరి మండలాన్ని మార్చలేదు. ఆనకట్ట నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు సాగిన ప్రధాన కాలువలు, వాటి నుంచి చీలిన పంట కాలువలు, చివరికి చేను గట్టున పారే బోదెలు కలిస్తేనే నీరు మొక్క వేరుకు చేరింది. నదిలో నీరు నిండుగా ఉన్నా శివారు భూమి ఎండిపోవచ్చునని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. నీరు ఎక్కడానికి పంట కాలువ ఎంత అవసరమో, దిగడానికి మురుగు కాలువ అంతే అవసరమన్నదీ ఆ రైతుకు అనుభవం నేర్పిన విషయమే.

మానవదేహంలో రక్తప్రసరణ వ్యవస్థ ఇటువంటి పంపిణీ వ్యవస్థే. గుండె నుంచి బయలుదేరిన పెద్ద ధమని చీలుతూ చీలుతూ కేశనాళికలుగా మారుతుంది. చాలా కణజాలాల్లో ఏ కణమైనా ఒక కేశనాళికకు 100 నుంచి 200 మైక్రోమీటర్ల దూరంలోనే ఉంటుంది. మిల్లీమీటరులో పదోవంతు నుంచి ఐదోవంతు వరకూ ఉండే ఈ దూరం దాటితే ప్రాణవాయువు తగినంతగా చేరదు. కేశనాళికల నుంచి కండరకణాలకు ప్రాణవాయువు ఎలా చేరుతుందో లెక్కగట్టి చూపినవాడు డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్. కేశనాళికల నియంత్రణను వివరించినందుకు ఆయనకు 1920లో నోబెల్ బహుమతి లభించింది.

ప్రయోగశాలలో కణజాలాన్ని పెంచేవారికి ఈ కొలతే లక్ష్మణరేఖ. పలుచటి చర్మపు పొరను పెంచవచ్చు. అరంగుళం మందం ఉన్న కండరాన్నో కాలేయపు ముక్కనో పెంచబోతే, నాళాలు లేకపోవడంతో లోపలి కణాలు శివారు పైరులా చనిపోతాయి. కణం నిలబడటానికి ఆధారం, బతకడానికి శక్తి, ఆ శక్తికి కావలసిన ప్రాణవాయువును తెచ్చే నాళం అనే మూడూ ఒకేచోట కుదరాలి. ఈ మూడింటినీ గురించిన జ్ఞానం మూడు వేర్వేరు దారుల్లో పెరిగింది.

2. కణానికి శక్తి: భీమవరం నుంచి బోస్టన్ దాకా

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువు కొంతకాలం రాజమహేంద్రవరంలో సాగింది. మద్రాసు హిందూ హైస్కూలులో మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ పూర్తయింది. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. బదులు అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టంతోనే బయటకు వచ్చారు. అనపర్తికి చెందిన మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతోను 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు.

హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన చేసిన మొదటి ముఖ్యమైన పని ఒక కొలత పద్ధతి. రక్తంలోను, కణజాలంలోను ఉన్న భాస్వరాన్ని మాలిబ్డేట్‌తో కలిపి, ఏర్పడే నీలిరంగు గాఢతను బట్టి లెక్కించే ఈ పద్ధతి 1925లో ప్రచురితమైంది. జీవరసాయన ప్రయోగశాలల్లో అది ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగానే వ్యవహారంలో ఉంది. చిన్నపాటి కొలత పద్ధతిగా కనిపించే ఇది పెద్ద తలుపులు తెరిచింది. దాని సాయంతో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను 1929లోను వారు వెలికితీశారు. రెండో పదార్థాన్ని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా కనుగొన్నాడు. ఎ.టి.పి. అని పిలిచే ఆ పదార్థమే కణం ఖర్చుపెట్టే శక్తికి చెల్లుబాటు నాణెమని తరువాతి దశాబ్దాల పరిశోధన నిర్ధారించింది.

కణజాల నిర్మాణంతో దీని సంబంధం సూటిగానే ఉంటుంది. ప్రాణవాయువు అందినప్పుడు ఒక గ్లూకోజు అణువు నుంచి కణం సుమారు 30 ఎ.టి.పి. అణువులను తయారుచేసుకుంటుంది. అందనప్పుడు దక్కేవి రెండే. మందమైన పరంజా నడిబొడ్డున ఉన్న కణం ఎందుకు చనిపోతుందన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. సుబ్బారావు రక్తనాళాల మీద పనిచేయలేదు. కణజాల నిర్మాణమన్న శాస్త్రం ఆయన కాలానికి పుట్టనేలేదు. అయితే రక్తనాళం ఎందుకు కావాలో చెప్పే రసాయనానికి ఆయన పని పునాది వేసింది.

ఆయన జీవితం ఇంకొక విధంగానూ ఈ చరిత్రను తాకుతుంది. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన తరువాత ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మేలు చేసిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. రక్తనాళాల పెరుగుదల మీద నిర్ణాయకమైన పరిశోధనకు తరువాత అదే ఆసుపత్రి వేదికైంది.

3. పరంజా పదార్థం: తోలు నుంచి కొల్లాజెన్ దాకా

పచ్చితోలు కుళ్ళిపోకుండా తంగేడు చెక్కతోను, కరక్కాయతోను పదును చేయడం దక్షిణభారతంలో పాత విద్య. ఆ పనిలో జరిగేది, చర్మంలోని కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి అవి గట్టిపడటం. దేహంలో చర్మం, ఎముక, స్నాయువు, రక్తనాళాల గోడలు అన్నింటికీ ఆధారమైన ప్రోటీన్ కొల్లాజెనే. అందుకే తోలు పరిశోధనకూ, వైద్యానికి కావలసిన పరంజా పదార్థాల పరిశోధనకూ మూలం ఒకటైంది.

ఈ రెండూ కలిసిన చోటు మద్రాసు. కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ (సి.ఎల్.ఆర్.ఐ.) 1948లో అడయారులో ప్రారంభమైంది. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడిగా వచ్చిన జి.ఎన్. రామచంద్రన్‌కు, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని జె.డి. బెర్నాల్ సూచించాడు. తోలు పరిశోధన సంస్థ పొరుగునే ఉండటం రామచంద్రన్‌కు కలిసివచ్చింది. ఆయనా గోపీనాథ్ కర్తా కలిసి 1954లో ఒక నమూనాను ప్రతిపాదించి, 1955లో దాన్ని సవరించారు. కొల్లాజెన్ అంటే ముప్పేటగా పురిపెట్టిన తాడు. మూడు పేటలు ఇముడాలంటే ప్రతి పేటలోనూ ప్రతి మూడో స్థానంలో అన్నింటికన్నా చిన్నదైన గ్లైసిన్ ఉండాలి. 1955లో అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ పేటల మధ్య హైడ్రోజన్ బంధాల సంఖ్య విషయంలో విభేదించి తమ సవరణను ప్రతిపాదించారు. ముప్పేట ఆకృతి అన్న మూలభావన మాత్రం నిలిచింది.

యలవర్తి నాయుడమ్మ రామచంద్రన్‌కు సమవయస్కుడు. నాయుడమ్మ 1922 సెప్టెంబరు 10న, రామచంద్రన్ అదే ఏడాది అక్టోబరు 8న పుట్టారు. కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి దగ్గరి యలవర్రు నాయుడమ్మ స్వగ్రామం. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో తోలు రసాయనంపై పరిశోధన చేసి వచ్చిన ఆయన 1958 నుంచి 1971 వరకు సి.ఎల్.ఆర్.ఐ. సంచాలకులుగా పనిచేశారు. తోళ్ళ పరిశ్రమను, కుటీర స్థాయి తయారీదారులను శాస్త్రంతో కలిపిన కృషికి ఆయన పేరు నిలిచింది. అదే కాలంలో ఆ సంస్థ మౌలిక ప్రోటీన్ పరిశోధననూ పక్కనపెట్టలేదు. 1960లో అక్కడ కొల్లాజెన్ మీద జరిగిన సదస్సు పత్రాలు 1962లో ఎన్. రామనాథన్ సంపాదకత్వంలో గ్రంథంగా వెలువడ్డాయి. కొల్లాజెన్‌ను గాయాల చికిత్సకు, వైద్య పదార్థాలకు మలిచే పరిశోధన తరువాత అదే సంస్థలో సాగింది. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేల్చివేతలో నాయుడమ్మ మరణించారు.

తోలు విద్య నేరుగా గుండెను చేరిన ఉదాహరణ కూడా ఉంది. తోళ్ళ పదునులో వాడే గ్లుటరాల్డిహైడ్‌ను 1960ల చివర ఫ్రాన్సులో అలెన్ కార్పాంటియే పంది గుండె కవాటాలను స్థిరపరచడానికి ఉపయోగించాడు. అటువంటి కవాటాలు మనుషులలో ఏళ్ళ తరబడి పనిచేశాయి. కానీ అలా పదును చేసిన కణజాలం తోలులాగే నిర్జీవం. అది భారం మోస్తుంది గానీ పెరగదు, కొత్త నాళాలను సులువుగా రానివ్వదు. పరంజా గట్టిగా ఉంటే చాలదని అప్పుడే తెలిసివచ్చింది.

4. రక్తనాళాలు ఎందుకు పెరుగుతాయి?

జూడా ఫోక్‌మన్ 1967లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ప్రధాన శస్త్రవైద్యుడయ్యాడు. అంతకుముందు అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో, దేహం నుంచి వేరుచేసి ద్రవంతో బతికించిన అవయవాల్లో కణుతులు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగి ఆగిపోవడం అతను గమనించాడు. వాటిలోకి కొత్త నాళాలు రాలేదు. కణుతి పెరగాలంటే చుట్టూ ఉన్న నాళాలను తనవైపు పిలిచే పదార్థాన్ని విడుదల చేయాలని 1971లో ప్రతిపాదించాడు. నాళాలు వాపు వల్ల వెడల్పైన పాతవేనన్న నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో ఈ మాటను చాలామంది అంగీకరించలేదు.

ఆ పదార్థాలు ఒక్కొక్కటే దొరికాయి. కణుతుల చుట్టూ ద్రవం చేరడానికి కారణమైన ప్రోటీన్‌ను 1983లో డొనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వొరాక్ గుర్తించారు. 1984లో ఫోక్‌మన్ బృందం మరో వృద్ధి కారకాన్ని హెపారిన్‌కు అంటుకునే గుణం ఆధారంగా శుద్ధిచేసింది. 1989లో నపోలియోన్ ఫెరారా బృందం వి.ఇ.జి.ఎఫ్. అనే రక్తనాళ వృద్ధి కారకాన్ని వివరించినప్పుడు, అది 1983 నాటి ప్రోటీనేనని తేలింది. నాళాన్ని పెంచేదీ, నాళం నుంచి ద్రవాన్ని కార్చేదీ ఒకటేనన్న ఈ విషయం తరువాతి కథకు కీలకం.

ఫోక్‌మన్ వెతికింది నాళాలను ఆపే ఉపాయం. కణజాల నిర్మాతలకు కావలసింది వాటిని రప్పించే ఉపాయం. ఆ రెండు దృక్పథాలనూ కలిపినవాడు, ఫోక్‌మన్ ప్రయోగశాలలో 1970లలో పనిచేసిన రాబర్ట్ లాంగర్. పెద్ద ప్రోటీన్లను పాలిమర్ల నుంచి నెమ్మదిగా విడుదల చేసే మార్గాన్ని అతను అక్కడే కనుగొన్నాడు. 1993లో జోసెఫ్ వకాంటితో కలిసి కణజాల నిర్మాణమన్న రంగానికి రూపరేఖ గీశాడు.

5. తొలి పరంజాలు, వాటి హద్దు

కాలిన గాయాల వారికోసం ఇయోన్నిస్ యన్నాస్, జాన్ బర్క్ 1980ల మొదట్లో చేసిన కృత్రిమచర్మం ఈ రంగంలో తొలి పెద్ద విజయం. ఆవుల కొల్లాజెన్‌ను, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన చక్కెర గొలుసు పదార్థాన్ని కలిపి రంధ్రాల పొరగా మార్చి, పైన సిలికాన్ పొర కప్పారు. రోగి సొంత కణాలు, సొంత నాళాలు రెండు మూడు వారాల్లో ఆ రంధ్రాల్లోకి వచ్చాయి. పొర పలుచన కనుక నాళాలకు దూరప్రయాణం లేదు. విజయానికి అదే కారణం, హద్దు కూడా అదే.

1981లో ఎ. హరి రెడ్డి, టి.కె. సంపత్ చేసిన ప్రయోగం ఇంకొక పాఠం నేర్పింది. ఎముక నుంచి కరిగించి తీసిన ప్రోటీన్లు విడిగా కొత్త ఎముకను పుట్టించలేదు. మిగిలిన కొల్లాజెన్ కూడా విడిగా పుట్టించలేదు. రెండింటినీ తిరిగి కలిపి ఎలుక చర్మం కింద పెడితే ఎముక పుట్టింది. అంటే పరంజాతో పాటు దానిలో ఇమిడిన సందేశం కూడా కావాలి.

1986లో క్రిస్పిన్ వైన్‌బర్గ్, యూజీన్ బెల్ కొల్లాజెన్‌తోను, పశువుల నాళాల కణాలతోను ఒక రక్తనాళ నమూనానే తయారుచేశారు. రక్తపు ఒత్తిడికి తట్టుకునేలా దానికి డేక్రాన్ వల చుట్టవలసివచ్చింది. సహజ కొల్లాజెన్‌ను శుద్ధిచేసి తిరిగి గట్టిపరిస్తే దేహంలోని బలం పూర్తిగా తిరిగిరాదని దీనితో రుజువైంది. పైగా జంతువు నుంచి తీసిన ప్రోటీన్ ఒక్కో విడతలో ఒక్కోలా ఉంటుంది. అందులో ఏ సందేశం ఎక్కడ ఉండాలో నిర్ణయించడం పరిశోధకుడి చేతిలో ఉండదు.

6. రూపొందించిన ప్రోటీన్లు

ఈ లోటు నుంచే ప్రోటీన్‌ను మొదటి అక్షరం నుంచి రాసుకోవాలన్న ఆలోచన బలపడింది. దానికి మూడు ఆధారాలు దొరికాయి. మొదటిది సాగే గుణం. ధమనుల గోడలకు సాగే గుణమిచ్చే ఎలాస్టిన్‌లో ఐదు అమినో ఆమ్లాల వరుస ఒకటి పదేపదే వస్తుందని, ఆ వరుసను తిరిగి అల్లితే వెచ్చదనానికి ముడుచుకునే పదార్థం వస్తుందని డాన్ అర్రీ 1970ల నుంచి చూపుతూ వచ్చాడు. రెండోది పట్టు. కణాలు ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకునేది ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అన్న చిన్న వరుస దగ్గరని 1984లో మైకేల్ పియర్స్‌బాకర్, ఎర్కి రువోస్లాటి కనుగొన్నారు. మూడోది జన్యు సాంకేతికత. కావలసిన వరుసకు జన్యువును కూర్చి సూక్ష్మజీవి చేత ఆ ప్రోటీన్‌ను తయారుచేయించే వీలు 1980లలో కలిగింది.

1999లో అలీసా పానిచ్, డేవిడ్ టిర్రెల్ బృందం ఈ మూడింటినీ ఒకే గొలుసులో చేర్చింది. ఎలాస్టిన్ వంటి సాగే భాగాల మధ్య, నాళాల లోపొర కణాలు పట్టుకునే ఫైబ్రోనెక్టిన్ భాగాలను క్రమమైన దూరాల్లో అమర్చారు. ఎక్కడ సాగాలో, ఎక్కడ కణం పట్టుకోవాలో జన్యువులోనే రాసి ఉంది.

పట్టు దొరికిన కణం ముందుకు సాగాలంటే దారి కూడా తెరుచుకోవాలి. కొత్త కేశనాళిక మొన దగ్గరి కణాలు ఎంజైములతో చుట్టూ ఉన్న పోగులను కోసుకుంటూ చొచ్చుకుపోతాయి. జెఫ్రీ హబ్బెల్ బృందం 2003 ప్రాంతంలో ఆ ఎంజైములు మాత్రమే కోయగల చిన్న ప్రోటీన్ ముక్కలను జెల్‌లో బంధాలుగా పెట్టింది. వృద్ధి కారకాన్ని కూడా అదే జెల్‌కు కట్టి ఉంచింది. కణం వచ్చి కోసిన చోట దారీ తెరుచుకుంటుంది, సందేశమూ విడుదలవుతుంది. ఆ తూము తీసేది కణమే, అదీ తనకు అవసరమైనప్పుడే.

7. మోతాదు, చోటు, కాలం

ఇంత క్లిష్టమైన ఏర్పాటు ఎందుకన్న సందేహానికి వైద్య పరీక్షలే జవాబిచ్చాయి. గుండెకు రక్తం తగ్గిన 178 మందిపై జరిగిన పరీక్షలో వి.ఇ.జి.ఎఫ్. ప్రోటీన్‌ను గుండె ధమనిలోకీ, తరువాత సిరలోకీ ఎక్కించారు. 60 రోజుల తరువాత వారి స్థితి ఉత్తుత్తి మందు పొందినవారి స్థితి కన్నా మెరుగ్గా లేదని 2003లో ప్రకటించారు. రక్తంలో వదిలిన ప్రోటీన్ ఎక్కువసేపు నిలవదు. మోతాదు పెంచితే నాళాల నుంచి ద్రవం కారి వాపు, రక్తపోటు పడిపోవడం వంటి ఇబ్బందులు వస్తాయి. వరద వచ్చి పోయింది, పంటకు నీరందలేదు.

2004లో ఓజావా, బాన్ఫీ, హెలెన్ బ్లా బృందం ఎలుక కండరంలో ఇంకా సూక్ష్మమైన సంగతి చూపింది. మంచి నాళం వస్తుందా, కణుతిలాంటి వికృత నాళం వస్తుందా అన్నది మొత్తం మోతాదు కన్నా ఒక్కొక్క కణం చుట్టూ ఉన్న గాఢతను బట్టే ఎక్కువగా నిర్ణయమవుతుంది. కాలం కూడా ముఖ్యమే. వి.ఇ.జి.ఎఫ్. నాళాన్ని మొలిపిస్తుంది. దానికి తోడుగా పి.డి.జి.ఎఫ్. అనే మరో కారకం వచ్చి, ఆధారకణాలను చుట్టూ చేర్చి నాళాన్ని స్థిరపరచాలి. ఈ రెండింటినీ ఒకే పరంజా నుంచి వేర్వేరు వేగాలతో విడుదల చేస్తే నాళాలు పరిణతి చెందుతాయని 2001లో డేవిడ్ మూనీ బృందం చూపింది.

2014లో హబ్బెల్ బృందం వృద్ధి కారకాలకే ఒక పట్టుభాగాన్ని అతికింది. ఆ భాగం చుట్టూ ఉన్న ప్రోటీన్లను గట్టిగా అంటుకుంటుంది కనుక తక్కువ మోతాదే పెట్టినచోట నిలిచి పనిచేసింది. మధుమేహం ఉన్న ఎలుకల గాయాలు త్వరగా మానాయి, ద్రవం కారడమూ తగ్గింది. పొలంలో నీరు నిలవడానికీ, మురుగు దిగడానికీ ఒకే వ్యవస్థలో ఏర్పాటు చేయవలసి ఉంటుందన్న డెల్టా అనుభవం ఇక్కడ అణువుల స్థాయిలో కనిపిస్తుంది.

8. డెల్టాకు ఈ చరిత్రతో పని ఏమిటి?

ఇది ప్రయోగశాలకే పరిమితమైన విషయం కాదు. మధుమేహం వల్ల పాదానికి పుండు పడి, చుట్టూ రక్తం చాలక మానక, చివరికి వేలో కాలో తీసివేయవలసివచ్చిన మనిషి తెలియని ఊరు తెలుగునాట అరుదు. అటువంటి పుండ్లకు పి.డి.జి.ఎఫ్. ప్రోటీన్ జెల్‌ను అమెరికా 1997లోనే అనుమతించింది. కానీ పుండు కింద రక్తప్రసరణే లేని చోట పైపూత ఎంతో చేయలేదు. పరంజాలో నాళాలు పెంచే విద్య సఫలమైతే మొదట ఊరట పొందవలసిన వారిలో ఈ రోగులు ఉంటారు.

ముడిపదార్థం విషయం కూడా ఉంది. భీమవరం, ఆకివీడు చుట్టూ ఉన్న చెరువుల్లో పెరిగే చేపల పొలుసుల్లోను, చర్మంలోను ఉండేది కూడా కొల్లాజెనే. చల్లటి సముద్రాల చేపల కొల్లాజెన్ కన్నా వెచ్చటి నీటి చేపల కొల్లాజెన్ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. దానిలో ముప్పేట పురిని నిలిపే హైడ్రాక్సీప్రోలిన్ వంటి అమినో ఆమ్లాలు ఎక్కువ కావడం దీనికి ముఖ్యకారణం. అయితే ముడిపదార్థం ఉన్నంత మాత్రాన విద్య పుట్టదు. తోళ్ళు మద్రాసులో వందల ఏళ్ళుగా ఉన్నాయి. వాటిలోని ప్రోటీన్ ఆకృతి తేలింది మాత్రం తోలు రసాయనజ్ఞులూ, ఎక్స్-కిరణాల భౌతికశాస్త్రజ్ఞులూ పక్కపక్కన పనిచేసినప్పుడే.

తెలుగులో సుబ్బారావు గురించిన రచనల్లో ఆయనకు తగిన గుర్తింపు రాలేదన్న బాధ ఎక్కువగా వినిపిస్తుంది. ఆ బాధలో న్యాయముంది. అయితే గౌరవం లెక్కతోనే ఆగిపోతే ఆయన పని దేనికి పునాది అయిందన్న ప్రశ్న మరుగున పడుతుంది. నాయుడమ్మను తోలు శాస్త్రవేత్తగానే తలుచుకోవడం కూడా ఇటువంటి పరిమితే. ఆయన పెంచిన సంస్థ వైద్య పదార్థాల చరిత్రలోనూ భాగం.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి:

1. పరంజాలో రక్తనాళాల సమస్య ప్రధానంగా పంపిణీ సమస్య. దాని మూలం, ప్రాణవాయువు లేనిదే కణం చాలినంత ఎ.టి.పి. తయారుచేసుకోలేకపోవడంలో ఉంది. ఆ పదార్థాన్ని వెలికితీసినవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన సుబ్బారావు.

2. పరంజాకు మూలపదార్థమైన కొల్లాజెన్ ఆకృతి మద్రాసులో తేలింది. నాయుడమ్మ పెంచిన తోలు పరిశోధన సంస్థ ఆ విద్యను కొనసాగించిన కేంద్రాల్లో ఒకటి.

3. సహజ ప్రోటీన్ ఆధారాన్ని ఇచ్చింది గానీ, సందేశం ఏ చోట, ఎంత, ఎప్పుడు అందాలో నిర్ణయించే వీలునివ్వలేదు. రూపొందించిన ప్రోటీన్లు ఆ లోటును పూరించడానికే వచ్చాయి.

4. నాళం మొలవడంతో పని పూర్తికాదు. అది నిలవాలి, కారకుండా ఉండాలి, దేహపు నాళాలతో కలవాలి. రోగి దేహంలో మందమైన అవయవానికి ఇవన్నీ సాధించడం ఈ రంగం ముందున్న పని.

ఆనకట్ట ఐదేళ్ళలో లేచింది. కాలువల పని, మురుగు కాలువల పని, శివారుకు నీరందించే పని ఆ తరువాతా తరాల పాటు సాగుతూనే ఉంది. కణజాల నిర్మాణంలో పరంజా కట్టిన తరం పని చాలావరకు పూర్తయింది. ఇప్పుడు నడుస్తున్నది కాలువలు తవ్వే తరం.